అసహ్యం ముందా, నిషేధం ముందా?

2013 జనవరిలో ఐర్లండ్ ఆహార భద్రతా సంస్థ సూపర్ మార్కెట్లలో అమ్మే 27 రకాల బీఫ్ బర్గర్లను పరీక్షించి ఫలితాలు బయటపెట్టింది. పదింటిలో గుర్రం డీఎన్ఏ దొరికింది. ఒక బర్గర్‌లోనైతే బీఫ్‌తో పోలిస్తే గుర్రపు మాంసం 29 శాతం ఉన్నట్టు తేలింది. యూరప్ అంతా గగ్గోలు పెట్టింది. అదే పరీక్షలో 23 బర్గర్లలో పంది డీఎన్ఏ కూడా బయటపడింది. పంది నిషిద్ధమైన ముస్లింలకు, యూదులకు అసలు దెబ్బ అదే. అయినా పతాక శీర్షికలన్నీ గుర్రానికే దక్కాయి.

మోసం మోసమే, అందులో వాదనేమీ లేదు. గుర్రాలకిచ్చే ఫినైల్‌బుటజోన్ అనే నొప్పుల మందు మన కంచంలోకి వస్తుందేమోనన్న భయం కూడా సబబే. కానీ జనానికి కడుపులో తిప్పింది మందును తలుచుకుని కాదు, గుర్రాన్ని తలుచుకుని. ఆవు అనుకుని తిన్నంతసేపూ లేని వికారం, గుర్రమని తెలిశాక ఎక్కడి నుంచి వచ్చినట్టు?

క్రైస్తవుల బైబిల్‌లోని కొత్త నిబంధన గ్రంథంలో గుర్రపు మాంసం వద్దన్న మాట ఎక్కడా లేదు. ఆ మాట తర్వాత వచ్చింది. జర్మన్ తెగల మధ్య మతప్రచారం చేస్తున్న బోనిఫేస్‌కు 732లో మూడో గ్రెగరీ పోప్ ఒక ఉత్తరం రాస్తూ, గుర్రాన్ని తినడం హేయమైన పని అనీ, దాన్ని మాన్పించాలనీ ఆదేశించాడు. ఆ తెగల్లో దేవుళ్లకు గుర్రాన్ని బలిచ్చి, ఆ మాంసాన్ని పంచుకు తినే ఆచారం ఉండేది. పోప్ కోపం మాంసం మీద కాదు, ఆ పాత దేవుళ్ల మీద అని చరిత్రకారుల్లో చాలామంది అభిప్రాయం. సుమారు 1000లో ఐస్‌లాండ్ వాళ్లు క్రైస్తవం పుచ్చుకుంటూ, గుర్రపు మాంసం తినే హక్కు మాత్రం వదులుకోబోమని బేరం పెట్టారు. ఆ మినహాయింపు ఎంతోకాలం నిలవలేదు. ఈ రోజుల్లో అక్కడ మళ్లీ తింటున్నారనుకోండి.

నాకు ఇంతకంటే ఆసక్తిగా అనిపించేది బౌద్ధ భిక్షువుల నియమాల గ్రంథం వినయ పిటకం. అందులో భిక్షువులు ముట్టకూడని మాంసాలు పది: మనిషి, ఏనుగు, గుర్రం, కుక్క, పాము, సింహం, పులి, చిరుతపులి, ఎలుగుబంటి, హైనా. ఒక్కొక్క దానికీ ఒక్కో కారణం. కరువొచ్చి రాజుగారి ఏనుగులు, గుర్రాలు చనిపోతే జనం వాటిని తిన్నారు, భిక్షువులకూ పెట్టారు. అవి రాజచిహ్నాలు, రాజుకు తెలిస్తే ఊరుకోడు అని లోకం తప్పుపట్టింది కాబట్టి అవి వద్దు. కుక్క మాంసం వద్దనడానికి కారణం జనం అసహ్యించుకోవడం. సింహం సంగతి మరీ విడ్డూరం. సింహం మాంసం తిన్న భిక్షువుల మీదికి ఆ వాసనకు అడవిలోని సింహాలు దూకాయట. పాపం అన్న మాట కన్నా రాజభయం, లోకనింద, ప్రాణభయమే ఇక్కడ ముందున్నాయి. ఇంత దాపరికం లేకుండా కారణాలు చెప్పిన నిషేధాల జాబితా ఇంకోటి నేను చూడలేదు.

యూదులది మరో లెక్క. గిట్ట చీలి ఉండాలి, నెమరు వేయాలి. గుర్రానికి రెండూ లేవు, అక్కడితో సరి. ఇస్లాంలో మాత్రం చర్చ నడిచింది. ఖైబర్ యుద్ధం నాడు ప్రవక్త పెంపుడు గాడిద మాంసాన్ని నిషేధించి, గుర్రపు మాంసాన్ని అనుమతించారని హదీసు ఉంది. షాఫియీ, హంబలీ అనే ఇస్లామిక్ ధర్మశాస్త్ర సంప్రదాయాల పండితులు దాన్ని పట్టుకుని తినొచ్చన్నారు. మరో సంప్రదాయానికి మూలపురుషుడైన ఇమామ్ అబూ హనీఫా మక్రూహ్, అంటే మానుకోదగ్గది అన్నారు. గుర్రాలు, కంచరగాడిదలు, గాడిదలు స్వారీకి, అలంకారానికి అని ఖురాన్‌లో ఉన్న మాటే ఆ వైపు ఆధారం. ఆయన శిష్యులు అబూ యూసుఫ్, ముహమ్మద్ అల్ షైబానీ మాత్రం గురువుతో ఏకీభవించలేదు.

గుర్రం మనిషికి నేస్తం కాబట్టి తినకూడదు అనే వాదన ఇప్పుడు ఎక్కువగా వినిపిస్తుంది. మంచి వాదనే, కానీ కజఖ్‌ల ముందు నిలవదు. గుర్రం లేనిదే బతుకు లేదనుకున్న స్టెప్పీ మైదానాల జనం వాళ్లు. పక్కటెముకల మాంసంతో చేసే కజీ అనే సాసేజ్‌ని గొప్ప అతిథి వస్తే బయటికి తీస్తారు. నేస్తాన్ని తినడమేమిటని అడిగితే, ప్రేమ లేని జంతువును అతిథికి ఎలా పెడతామని వాళ్లు ఎదురు అడగొచ్చు.

ఫ్రాన్స్‌లో కథ అడ్డం తిరిగింది. పోప్ నిషేధం వచ్చిన పదకొండు శతాబ్దాల తర్వాత, 1866లో, పేదలకు చవకగా మాంసం దొరకాలని గుర్రపు మాంసం అమ్మకాలకు ప్రభుత్వం అనుమతిచ్చింది. నాలుగేళ్లకు ప్రష్యా సైన్యం పారిస్‌ను చుట్టుముట్టినప్పుడు నగరం గుర్రాలనే కాదు, కుక్కలను, ఎలుకలను, ఆఖరికి జంతుప్రదర్శనశాలలోని కాస్టర్, పోలక్స్ అనే రెండు ఏనుగులను కూడా తినేసింది. ఆకలి పోయాక కూడా గుర్రపు మాంసం దుకాణాలు మిగిలాయి. ఇప్పుడు అవీ తగ్గిపోయాయి, ఎవరూ నిషేధించకుండానే.

అసహ్యం అబద్ధమని నేననను. వాంతి వచ్చేవాడికి నిజంగానే వస్తుంది. కాకపోతే దాన్ని ప్రకృతి ధర్మమని చెప్పి పక్కవాడి కంచం మీద తీర్పు చెప్పడంతోనే నాకు పేచీ. అమెరికాలో గుర్రాల కబేళాలు 2007 నాటికి మూతపడ్డాయి. ఆ తర్వాత వధకు వెళ్లే గుర్రాలను లారీల్లో కెనడాకు, మెక్సికోకు తోలారు. దూరం పెరిగింది, అంతే.

దక్షిణ కొరియా దారి కొంచెం వేరు. 2024 జనవరిలో అక్కడి పార్లమెంటు కుక్క మాంసం వ్యాపారంపై చట్టం చేసింది. 208 మంది అనుకూలంగా ఓటేశారు, వ్యతిరేకంగా ఒక్కరూ లేరు. తినడానికి కుక్కల్ని పెంచినా, చంపినా, అమ్మినా 2027 నుంచి జైలు శిక్ష గానీ జరిమానా గానీ పడుతుంది. తిన్నవాడికి మాత్రం ఆ చట్టంలో ఏ శిక్షా లేదు.