“మనవడు అమెరికాలో ఉన్నాడంట కదా” అనేది రూలు కాదు

“మీ మనవడు అమెరికాలో ఉన్నాడంట కదా మామ్మా, ఇంక మీకు పెన్షనేంటి?”

ఇవాళ పొద్దున ఒక సచివాలయంలో పదిమంది వింటుండగా అన్న మాట ఇది. ఏ ఊరో చెప్పను, ఆ ఉద్యోగి పేరూ వద్దు. ఆవిడ భర్త పోయి నెల తిరగలేదు. ఆయనకొచ్చే 4 వేలు తన పేరుకి మార్చమని మరణ ధ్రువపత్రం, ఆధార్ జిరాక్సు, రేషన్ కార్డు ఒక పాలిథీన్ కవర్లో పెట్టి, దాని చుట్టూ రబ్బరు బ్యాండు వేసి తెచ్చుకుంది. ఆ రబ్బరు బ్యాండు తీసేదాకా కూడా ఆగలేదు. ఆధార్ నంబరు కొట్టి చూడలేదు. అమెరికా అన్నారు, పంపించేశారు. “వాడు చదువుకోడానికెళ్లాడు బాబూ, అప్పు చేసి పంపాం” అని ఆవిడ మెట్లు దిగుతూ కూడా చెబుతూనే ఉంది.

ఒళ్లు మండిపోతోంది. పొడుగైనా ఓపిగ్గా చదవండి, మీ ఇళ్లల్లోనూ ఇదే జరుగుతోంది.

ఆంధ్రాలో పథకాలకి ఆరంచెల వడపోతలో చూసేవేంటో అందరికీ తెలుసు. ఇంటి ఆదాయం నెలకి పల్లెలో 10 వేలు, పట్నంలో 12 వేలు దాటకూడదు. మాగాణి 3 ఎకరాలు, మెట్ట 10 ఎకరాలు, రెండూ కలిపినా 10. కరెంటు నెలకి సగటున 300 యూనిట్లు. నాలుగు చక్రాల బండి ఉండకూడదు, ట్యాక్సీకీ ట్రాక్టరుకీ మినహాయింపు. ఇంట్లో ప్రభుత్వోద్యోగి ఉండకూడదు, పారిశుద్ధ్య కార్మికులకి మినహాయింపు. ఆదాయపు పన్ను కట్టేవాళ్లు ఉండకూడదు. పట్నంలో అయితే వెయ్యి చదరపు అడుగుల ఇల్లు లెక్క కూడా చూస్తారు. ఇందులో పాస్‌పోర్టు ఎక్కడుంది? వీసా ఎక్కడుంది? అప్పు చేసి పిల్లాణ్ని చదివించడం ఏ అంచె కింద వస్తుంది?

మరి పిల్లలు విదేశాలకి వెళ్లాక చాలా ఇళ్లల్లో నిజంగానే పథకాలు ఆగుతున్నాయి కదా అంటారు. ఆగుతున్నాయి. వాళ్లని పంపడానికి మనం తయారు చేయించిన కాగితాలే ఆపుతున్నాయి. ఈ మాట ఆ కౌంటర్లో కూర్చున్నవాళ్లూ చెప్పరు, పిల్లల్ని విదేశీ చదువులకి పంపిస్తామని మన దగ్గర ఫీజు తీసుకున్న కన్సల్టెన్సీ వాళ్లూ చెప్పరు.

అన్నిటికంటే పెద్ద గొయ్యి ఐటీఆర్, అంటే ఆదాయపు పన్ను రిటర్ను. పిల్లాడి చదువు లోనుకి రెండెకరాల రైతు పేరు మీద మూడేళ్ల రిటర్నులు కావాలంటారు కన్సల్టెన్సీ వాళ్లు. వ్యవసాయ ఆదాయానికి పన్నే లేదు, ఆయన ఏనాడూ రిటర్ను వేయలేదు. ఏం ఫర్వాలేదు మేం చూసుకుంటాం అని చిన్న వ్యాపారులు అంచనా ఆదాయం చూపించే ఐటీఆర్-4 ఫారంలో లేని వ్యాపారం చూపించి 4 లక్షల 90 వేల ఆదాయం రాసేస్తారు. 5 లక్షల లోపు కాబట్టి రిబేటుతో పన్ను సున్నా, భయం లేదంటారు. పన్ను సున్నాయే, ఒప్పుకుంటా. ఆదాయం మాట? ఏడాదికి లక్షా 20 వేలు దాటకూడని పల్లె కుటుంబం 4 లక్షల 90 వేలు సంపాదిస్తున్నట్టు తన సంతకంతో ఒప్పుకుంది. అదే రైతు చిన్నమ్మాయి ఫీజు రీయింబర్స్‌మెంట్ కోసం తహశీల్దార్ ఇచ్చిన ధ్రువపత్రంలో ఆదాయం 90 వేలు. రెండు కాగితాల మీదా ఒకటే ఆధార్. ఎప్పుడో ఒకప్పుడు అవి ఎదురుపడతాయి. ఎదురుపడినప్పుడు కన్సల్టెన్సీ వాడు ఫోనెత్తడు. గడువు దాటాక ఆ ఆదాయాన్ని తగ్గించి చూపించే దారి కూడా లేదు. ఆలస్యంగా వేసే అప్‌డేటెడ్ రిటర్నులో పన్ను పెంచుకోవచ్చు గానీ తగ్గించుకోలేం.

లోను కోసం రిటర్నులు తప్పవు కదా అంటారా? బ్యాంకులు మామూలుగా 7.5 లక్షలు దాటితే ఆస్తి తాకట్టు అడుగుతాయి. ఆస్తి పెడుతున్నప్పుడు రైతుకి పొలం కాగితాలు, తహశీల్దార్ ధ్రువపత్రం చాలవా అని మేనేజర్ని నేరుగా అడగండి. బ్యాంకు ఒప్పుకుంటే వేరే రేషన్ కార్డులో ఉన్న మేనమామనో, ఉద్యోగం చేసే బాబాయినో సహ రుణగ్రహీతగా పెట్టుకోండి. ఒక్క అబద్ధపు రిటర్ను కూడా వేయించుకోవద్దు. లోను ఎన్ని లక్షలైనా అది ఆదాయం కాదు, అప్పు.

తర్వాత ఫండ్స్ చూపించడం, అంటే చదువుకి సరిపడా డబ్బు ఖాతాలో ఉందని వీసాకి చూపించడం. బ్రిటన్ వీసాకి డబ్బు వరసగా 28 రోజులు ఖాతాలో కదలకుండా ఉండాలి. ఫైనాన్సర్ దగ్గర వడ్డీకి తెచ్చి తండ్రి ఖాతాలో వేస్తారు, లేదా ఎఫ్‌డీ చేయిస్తారు. ఏడాదిలో 10 లక్షలు, అంతకు మించి ఎఫ్‌డీలు చేసినా, సేవింగ్స్ ఖాతాలో అంత నగదు కట్టినా బ్యాంకు ఆదాయపు పన్ను శాఖకి తెలియజేస్తుంది. ఆ ఎఫ్‌డీ వడ్డీ పరిమితి దాటితే టీడీఎస్, అంటే వడ్డీలోంచే ముందస్తు పన్ను, కోస్తారు, పాన్ ఇవ్వకపోతే 20 శాతం. పన్ను పడని మనిషి ఆ మాట రాసే డిక్లరేషన్ ఫారం (15జీ లాంటిది) ఇస్తే కోయరు. ఆ ఒక్క ఫారం ఇవ్వమని చెప్పేవాడు లేక ఎంతమందికి పన్ను శాఖ కోతల పట్టీ అయిన 26ఏఎస్‌లో కోత పడిందో!

పొలం అమ్మి పంపినవాళ్ల సంగతి ఇంకొకటి. పల్లెలో సాగుభూమి అమ్మితే మూలధన లాభాల పన్ను లేదు. మున్సిపాలిటీ హద్దుల్లో పొలమో, ఇళ్లస్థలమో అమ్మితే ఉంటుంది, కట్టారంటే ఆ ఏడాది మీరు పన్ను చెల్లింపుదారే. ఆ సొంత డబ్బు విదేశానికి పంపేటప్పుడు ఏడాదికి 10 లక్షలు దాటితే దాటినదాని మీద బ్యాంకు టీసీఎస్, అంటే పంపేటప్పుడే ముందస్తు పన్ను, పట్టుకుంటుంది. బ్యాంకు చదువు లోను డబ్బయితే 2025 ఏప్రిల్ నుంచి అసలు పట్టుకోరు. పట్టుకున్నది ఎవరి పాన్ మీద పంపితే వాళ్ల లెక్కలో పడుతుంది, వెనక్కి రావాలంటే వాళ్లే రిటర్ను వేయాలి. టీసీఎస్ పడటం వేరు, పన్ను కట్టడం వేరు. రిటర్ను వేయడం వేరు, పన్ను కట్టడం వేరు. పీఎం కిసాన్ నిబంధనలో ఉన్నది కూడా కిందటి అసెస్‌మెంట్ ఇయర్‌లో ఆదాయపు పన్ను “కట్టినవాళ్లు” అనే. రిటర్ను కాపీలో కట్టిన పన్ను సున్నా ఉంటే ఆ కాపీ, 26ఏఎస్ పట్టుకుని అర్జీ పెట్టండి.

పీఎం కిసాన్ అన్నాను కాబట్టి చెబుతున్నా. దాని లెక్కలో కుటుంబం అంటే భార్య, భర్త, మైనర్ పిల్లలు. ఇరవై రెండేళ్ల కొడుకు ఏ దేశంలో ఉంటే దానికేం పని? చదువుకి వెళ్లినవాణ్ని ఫెమా (విదేశీ మారక చట్టం) కింద ఎన్ఆర్ఐగా చూస్తారు నిజమే, అది వాడి బ్యాంకు ఖాతాకి సంబంధించిన మాట. వాళ్ల నాన్న 6 వేలకి, నాయనమ్మ 4 వేలకి దాంతో సంబంధం లేదు. కొడుకు తండ్రికి పంపే డబ్బుకి కూడా పన్ను లేదు, దగ్గరి బంధువిచ్చిన కానుక కింద వస్తుంది.

బియ్యం దగ్గర మాత్రం మనవైపూ తప్పుంది. పిల్లాడు అక్కడుంటే వాడి పేరు మీద 5 కిలోలు ఇక్కడ తీసుకోవడం తప్పే, నిలబడదు కూడా. ఈకేవైసీకి వేలిముద్ర వేయాల్సింది వాడే. వేయకపోతే కార్డులో వాడి యూనిట్, అంటే వాడి వాటా, ఆగుతుంది. ఆగాల్సింది ఆ ఒక్క యూనిటే! మిగతా నలుగురి 20 కిలోలు ఆపే అధికారం డీలరుకి లేదు. వెళ్లిపోయాడని మీరే రాసిచ్చి పేరు తీయమని అడగండి, రసీదు ఉంచుకోండి. తెలంగాణలో రేషన్ కార్డు లెక్కలు వేరు: ఆదాయం పల్లెలో ఏడాదికి లక్షన్నర, పట్నంలో 2 లక్షలు, మాగాణి మూడున్నర ఎకరాలు, మెట్ట ఏడున్నర, మనిషికి 6 కిలోల సన్నబియ్యం. రిటర్నుల గొయ్యి మాత్రం రెండు చోట్లా ఒకటే.

అసలు నా కడుపుమంట ఈ అమెరికా మాటతో మొదలవలేదు. హౌస్‌హోల్డ్ మ్యాపింగ్, అంటే ఏ ఇంట్లో ఎవరెవరున్నారో సచివాలయం డేటాలో ఎక్కించడం, వచ్చినప్పటినుంచీ ఉంది. పెళ్లై వేరే ఊళ్లో కాపురం ఉంటున్న కొడుకు పేరు ఇక్కడి డేటాలోనే ఉంటుంది, వాడు కారు కొంటే ఇక్కడ తల్లికి పెన్షన్ ప్రశ్న. అద్దెకున్నవాళ్ల ఆధార్‌కి ఇంటి ఓనరు మీటరు తగిలించేస్తారు, మూడు వాటాల కరెంటు ఒక వాటా నెత్తిన పడి 300 దాటుతుంది. ఎవరో తప్పు కొడతారు. దాన్ని సరిచేయించుకోడానికి పనిమానుకుని కరెంటు ఆఫీసుకి ఒకసారి, సచివాలయానికి మూడుసార్లు తిరగాల్సింది మాత్రం కూలికెళ్లే మనిషి. తగిలించడానికి ఒక్క నిమిషం, విడిపించడానికి నెలలు!

కనీసం ఇప్పుడైనా కౌంటర్లో నోటిమాటతో పంపిస్తే కదలకండి. ఆధార్ కొట్టి ఏ అంచెలో ఆగిందో స్క్రీన్ మీద చూపించమనండి. ఆదాయపు పన్ను అంటే ఎవరి పాన్, ఏ సంవత్సరం? కరెంటు అంటే ఏ సర్వీసు నంబరు? భూమి అంటే ఏ సర్వే నంబరు? కాగితం మీద రాయించుకోండి. ఏ అంచెలోనూ ఆగకపోతే దరఖాస్తు తీసుకుని నంబరు ఇవ్వాల్సిందే. ఆ మామ్మగారి దరఖాస్తు ఇంకా ఆ కవర్లోనే ఉంది. సోమవారం కలెక్టరేట్ అర్జీల్లో పెడుతున్నారు.