చెంపదెబ్బ ముందే వినిపించే నాటకం

యాన్యువల్ డే. రాత్రి ఎనిమిదిన్నర. పదకొండు డాన్సులయ్యాక పదో తరగతి నాటకం మొదలవుతుంది. తండ్రి వేషం వేసినవాడు కొడుకు చెంప మీద కొట్టాలి. స్పీకర్లో 'ఛెళ్' మన్న చప్పుడు ముందొస్తుంది, చెయ్యి అర సెకను తర్వాత లేస్తుంది. ఏడవాల్సిన సీనులో జనం గొల్లుమంటారు. హైదరాబాద్ ప్రైవేటు బడుల్లో తరచూ కనిపించే దృశ్యమే ఇది. తప్పు కుర్రాడిది కాదు, ట్రాక్‌ది.

డైలాగులన్నీ ముందే రికార్డు చేసి, మధ్యమధ్య బీజీఎం అతికించి వదులుతారు. స్టేజీ మీద పిల్లలు పెదాలు కదుపుతారు. కొన్నిచోట్ల ఆ గొంతు కూడా వాళ్లది కాదు. రెండు నెలలు కష్టపడి పిల్లవాడు నేర్చుకునేది టైమింగ్ ఒక్కటే. అవతలివాడు ఏమన్నాడో విని బదులివ్వడమనే నాటకం పని అక్కడ జరగనే జరగదు.

బడులు చెప్పే సాకులో నిజం లేకపోలేదు. గ్రౌండ్‌లో షామియానా, వెయ్యి మంది జనం, వెనక రోడ్డు మీద హారన్లు. అద్దెకు తెచ్చే కాలర్ మైకులు నాలుగుంటే పాత్రలు పదుంటాయి. మైకుకి చున్నీ రాసుకుంటే గరగర. మైకు పట్టుకున్నవాడు స్పీకరు ముందుకొస్తే చెవులు చిల్లులు పడే కూత. ఇదంతా చూసి సౌండ్ అతను ట్రాక్ పెట్టుకోండి అంటాడు, ప్రిన్సిపాల్ సరేనంటారు. కానీ ఈ కష్టాలన్నీ జాగా వల్ల వచ్చినవి. నాటకాన్ని గ్రౌండ్ నుంచి తప్పించి హాల్లోకి, రాత్రి నుంచి మధ్యాహ్నం మూడింటికి మారిస్తే సగం పోతాయి. నూటయాభై మంది పట్టే హాల్లో పద్నాలుగేళ్ల గొంతు వెనక బెంచీ దాకా మైకు లేకుండానే వెళ్తుంది. అడ్డుపడేది సీలింగ్ ఫ్యాన్ల హోరు. స్టేజీ పక్కనున్న నాలుగూ ఆపేస్తే చాలు. ఖాళీ హాల్లో రిహార్సల్ చేసేటప్పుడు గొంతు మార్మోగి మాట కలగాపులగమవుతుంది. జనం నిండితే ఆ మోత తగ్గుతుంది కాబట్టి కంగారు అక్కర్లేదు.

గ్రౌండే గతి అయితే స్టేజీ ముందంచున పొట్టి స్టాండ్ల మీద మూడు మైకులు పెట్టండి. అడుగుల చప్పుడు ఎక్కకుండా స్టాండు కింద స్పాంజి ముక్క వేయండి. స్పీకర్లు మైకుల కన్నా ఆరడుగులు ముందుకు, జనం వైపు తిరిగి ఉండాలి. ముఖ్యమైన మాటలున్నవాళ్లను మైకుకి నాలుగైదు అడుగుల్లోపే నిలబెట్టాలి.

పదో తరగతి వాళ్లకు టైమెక్కడిదన్నది రెండో అభ్యంతరం. లెక్క చూద్దాం. అరగంట నాటకానికి ఎనిమిది వారాలు, వారానికి మూడు రోజులు, రోజుకు ముప్పావు గంట. మొత్తం పద్దెనిమిది గంటలు. జనవరిలో మొదలుపెడితే అది భారమే, స్పెషల్ క్లాసులు మీద పడి ఉంటాయి. జూలై రెండో వారంలో మొదలుపెడితే సెప్టెంబరు 9కి, అంటే కవి కాళోజీ జయంతి నాటి తెలంగాణ భాషా దినోత్సవానికి, తయారవుతుంది. ఆ రోజు వక్తృత్వ పోటీ పెట్టి సర్టిఫికెట్ చేతిలో పెట్టే బదులు నాటకం ఆడితే ఆయనకూ న్యాయం చేసినట్టే.

ఆ పద్దెనిమిది గంటల్లో మొదటి రెండు వారాలు కూర్చుని చదవడానికే పోవాలి. ఇక్కడ తొందరపడ్డవాళ్లు చివర్లో ఏడుస్తారు. ఇంగ్లిష్ మీడియం పిల్లల్లో చాలామంది డైలాగుల్ని ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకుంటారు. అందులో కాళ్లు, కళ్లు, కల్లు మూడింటికీ స్పెల్లింగ్ ఒక్కటే. "మీ కల్లు పట్టుకుంటా" అని బతిమాలే కొడుకు పుట్టేది అక్కడే. పేపర్ తెలుగులోనే ఇవ్వాలి, అక్షరాలు పెద్దవిగా, రెండు డైలాగుల మధ్య ఒక లైను ఖాళీతో. తడబడి చదివినా పర్లేదు, నాలుగో రోజుకి దారిలో పడతారు.

దీనికి అంటుకునే ఉన్న జబ్బు ఇంకోటి. ఇంట్లో "ఏం జేస్తున్నవ్", "నేనొస్త" అనే పిల్లవాడి చేత "ఏమి చేయుచున్నావు" అనిపిస్తే కట్టెలా బిగుసుకుపోతాడు. అంతకన్నా అన్యాయం, తెలంగాణ యాసని వాచ్‌మన్ పాత్రకీ కామెడీ పాత్రకీ మాత్రమే పంచడం. డాక్టరూ జడ్జీ కూడా ఆ యాసలో మాట్లాడితే ఏమవుతుంది? నాటకం నిజంగా హైదరాబాద్‌లో జరుగుతున్నట్టుంటుంది, అంతే. డైలాగు అర్థం చెప్పి, నీ మాటలో చెప్పు అని వదిలేసి, వాడు చెప్పిందే స్క్రిప్టులో ఎక్కించాలి.

మూడో వారం నుంచి కదలికలు, అయిదో వారానికి చేతిలో కాగితం ఉండకూడదు. అప్పటి నుంచి సైడ్ వింగ్‌లో ప్రాంప్టర్ కూర్చోవాలి. మర్చిపోయినవాడికి మొదటి రెండు మాటలే అందించాలి, లైనంతా కాదు. నటుడు కావాలని ఆగిన చోట స్క్రిప్టులో పెన్సిల్‌తో గీత పెట్టుకోకపోతే ప్రాంప్టర్ కంగారుగా అరుస్తాడు, బరువైన మౌనం కాస్తా పాడవుతుంది. క్లాసులో అందరికన్నా ఓపికున్న పిల్లకి ఈ పని ఇవ్వండి. నలభై మందిలో స్టేజీ ఎక్కేది పన్నెండు మందే అయినా, తెర, లైట్లు, సామాన్లు, బట్టలు అన్నీ మిగతావాళ్ల చేతుల్లోనే నడవాలి.

సెట్టింగు విషయంలో పిసినారితనమే మేలు. ఒక బల్ల, రెండు కుర్చీలు, నవారు మంచం. సీనుకో సెట్టు మారిస్తే ఒక్కోసారి నలభై సెకన్ల చీకటి. ఆరు మార్పులంటే నాలుగు నిమిషాలు, అందరి ఫోన్లూ వెలుగుతాయి. గుడ్డ తెరల మీద అడవినీ దర్బారునీ చిత్రించి క్షణాల్లో మార్చే విద్య సురభి నాటక సమాజం వాళ్లది, 1885 నుంచి తరతరాలుగా వచ్చింది. వాళ్ల కళాకారుల కుటుంబాలు మన లింగంపల్లిలోనే ఉన్నాయి. పిల్లల్ని తీసుకెళ్లి ఆ నాటకం చూపించండి, అనుకరించమని మాత్రం అనకండి.

లైట్లకు ఒక్క జాగ్రత్త. వెయ్యి వాట్ల హాలోజన్ ఒకటి నాలుగు ఆంపియర్లకు పైనే లాగుతుంది. ఆరు ఆంపియర్ల సాకెట్‌కి ఎక్స్‌టెన్షన్ వేసి రెండు తగిలిస్తే పతాక సన్నివేశంలో చీకటే. ఎల్ఈడీ లైట్లు రెండు చెరో పక్కనుంచి, మనిషి ఎత్తుకి కాస్త పైన పెడితే కళ్ల కింద నీడ పడదు.

స్క్రిప్టు ఎవరిదన్న సంగతీ చూడాలి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం సిబ్బంది, విద్యార్థులు ఆడి, చూసేవాళ్లు బడివాళ్లూ తల్లిదండ్రులూ అయితే రచయిత అనుమతి అక్కర్లేదు. యూట్యూబ్‌లో పెడితే ఆ వెసులుబాటు వర్తించదు. రచయిత పోయిన అరవయ్యేళ్లకు హక్కు తీరిపోతుంది కాబట్టి 1915లో కన్నుమూసిన గురజాడ నాటకానికి ఆ గొడవే లేదు. అయితే పూర్తిగా ఆడితే గంటలు పడుతుంది, ఒక అంకంలో ముక్క చాలు.

ఇక బేగంబజార్ నుంచి తెచ్చిన మీసం. చెమటకి ఊడి పెదవి మీద వేలాడే ఆ మీసాన్ని పౌడరు వేశాక అంటిస్తారు, అందుకే నిలవదు. ముఖం కడిగి, తుడిచి, స్పిరిట్ గమ్ రాసి, అర నిమిషం ఆరనిచ్చి మీసం అదిమాకే పౌడరు. డ్రెస్ రిహార్సల్‌లో అది పెట్టుకునే డైలాగులన్నీ చెప్పించాలి. పై పెదవి బిగుసుకుపోతే ప, బ, మలు సరిగా పలకవు.