ఇసుకకు కరువు లేదు

ఆటలు, బొమ్మలతో పిల్లల మనోవ్యథకు చికిత్స చేయడం నగరాలకే సాధ్యమని ఒక వ్యాసంలో చదివాను, దానితో ఏకీభవించలేను. 1920ల చివర్లో లండన్‌లో పిల్లల వైద్యురాలు డాక్టర్ మార్గరెట్ లోవెన్‌ఫెల్డ్ ఈ చికిత్సకు వాడినవి ఇసుక తొట్టి, నీళ్లు, చిన్నచిన్న బొమ్మలే. మా మహబూబ్‌నగర్ పల్లెల్లో ఇసుకకు కరువా? అమ్మానాన్నలు వలస పోతే అవ్వ దగ్గర పెరిగే పిల్లలు మా బడిలో ఉన్నారు. ఒక పాప ఎప్పుడూ తాళం వేసిన ఇల్లే గీసేది. తాళం తలుపంత ఉండేది. 'కిటికీ ఏదమ్మా?' అని దిద్దేవారే తప్ప, పక్కన కూర్చుని వినేవారు లేరు. అయితే పిల్లలు గీసిన బొమ్మ చూసి జబ్బు పేరు పెట్టడం టీచర్ల పని కాదు. అందుకు శిక్షణ పొందినవారు కావాలి. వారానికొక రోజైనా మండలానికి ఒకరిని పంపితే చాలు, ఇసుక మేమే తెచ్చుకుంటాం.