81తో పోతుంది, కారణమే తప్పు
12345678987654321లో అంకెల మొత్తం 81 కాబట్టి అది 81తో నిశ్శేషంగా పోతుందని ఒక వ్యాసంలో రాశారు. పోయే మాట నిజమే, కానీ అందుకు కాదు. అంకెల మొత్తం సూత్రం 3కి, 9కి మాత్రమే చెల్లుతుంది. 1899 చూడండి: అంకెల మొత్తం 27, కానీ 27తో భాగిస్తే 9 మిగులుతుంది. 27కి, 81కి కూడా ఇదే షార్ట్‌కట్ అని నమ్మితే మార్కు పోయినట్టే. అసలు సంగతేంటంటే 12345678987654321 అనేది 111111111కి వర్గం. ఆ తొమ్మిది ఒకట్లూ 9తో పోతాయి, కనుక వర్గం 81తో పోతుంది. ఈ వర్గానికి కారణాంకాలెన్నో కూడా ఇలాగే తేలుతుంది: 111111111 = 3² × 37 × 333667. వర్గం చేస్తే ఘాతాలు 4, 2, 2 అవుతాయి. ఒక్కోదానికి 1 కలిపి గుణిస్తే 5 × 3 × 3, మొత్తం 45 కారణాంకాలు. అన్నట్టు, దీన్ని ఎక్సెల్‌లో సరిచూడకండి. అది 15 అంకెలే ఉంచుకుని చివరి 21ని 00 చేసేస్తుంది. పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో అయితే ఆ బెడద లేదు.