మంగళవారం రాత్రి ఏడింటికి ఎవరొస్తారు?

అట్లాంటాకు ఉత్తరాన ఫోర్సైత్ కౌంటీలో వేలాది తెలుగు కుటుంబాలు సొంత ఇళ్లు కొనుక్కుని స్థిరపడ్డాయి. బడులు బాగుంటాయని వెళ్లినవారే వారిలో ఎక్కువ. ఏటా ఆస్తి పన్ను కట్టే ఆ ఇళ్ల ముందుకు ఇప్పుడొక పెద్ద ప్రతిపాదన వచ్చింది. జార్జియా 400 రహదారి పక్కన, యూనియన్ హిల్ రోడ్డు దగ్గర ‘ది గేదరింగ్ ఎట్ సౌత్ ఫోర్సైత్’ పేరుతో దుకాణాలు, హోటళ్లు, నివాసాలు, వాటి నడుమ 18 వేల పైచిలుకు సీట్ల ఐస్ హాకీ అరీనా కట్టాలన్నది పథకం. నేషనల్ హాకీ లీగ్, అంటే ఎన్‌హెచ్‌ఎల్, జట్టు ఇస్తేనే కౌంటీ బాండ్లు జారీ చేస్తుందన్న షరతు పెట్టారు. పక్కనున్న ఆల్ఫరెట్టాలో నార్త్ పాయింట్ మాల్ స్థలం చూపించి మరో బృందం కూడా జట్టు కోసం ప్రయత్నించింది.

అట్లాంటాకు హాకీ జట్టు తిరిగి రావాలనే మేమూ కోరుకుంటున్నాం. అయితే జట్టు వస్తేనే బాండ్లన్న ఒక్క షరతు కౌంటీని కాపాడదు. ఈ నగరానికి జట్టు ఇప్పటికే రెండుసార్లు వచ్చింది, రెండుసార్లూ పోయింది. 1972లో మొదలైన ఫ్లేమ్స్ 1980లో కాల్గరీకి తరలిపోయింది. 1999లో మొదలైన థ్రాషర్స్ 2011లో విన్నిపెగ్‌కు వెళ్లిపోయింది. అందుకే జట్టు వస్తుందా అన్నదానికంటే, వచ్చాక నవంబరులో ఒక మంగళవారం రాత్రి ఏడింటికి ఆ సీట్లలో ఎవరు కూర్చుంటారన్నది ముందు తేల్చాలి.

మంగళవారమే ఎందుకంటే, ఎన్‌హెచ్‌ఎల్ సీజన్లో ఒక్కో జట్టు సొంత మైదానంలో 41 (2026–27 సీజన్ నుంచి 42) మ్యాచ్‌లు ఆడుతుంది. వాటిలో చాలా భాగం పనిరోజుల్లోనే పడతాయి. అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకు ఇంటి మ్యాచ్‌లు ఎనిమిదో తొమ్మిదో, అవీ ఎక్కువగా ఆదివారాలే. ఐపీఎల్ రోజుల్లో మాదాపూర్ ఆఫీసు నుంచి ఉప్పల్ స్టేడియానికి వెళ్లినవారికి ఆ తిప్పలు తెలుసు. ముందే ఆఫీసులోంచి బయటపడాలి, కిక్కిరిసిన మెట్రోలో నిలబడాలి, తిరుగు ప్రయాణంలో చివరి రైలు అందుకోవాలి. అయినా సీజన్‌కు ఏడు మ్యాచ్‌లే గనక అభిమాని ఓర్చుకుంటాడు. అదే అవస్థ ఆరు నెలల్లో 41 సార్లు పడమంటే ఎంత వీరాభిమాని అయినా సీజన్ టికెట్ తిరిగి కొనడు.

ఆ టికెట్ అమ్ముడవకపోతే హాకీ జట్టును టీవీ డబ్బు ఆదుకోదు. అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌కు టీవీ ఒప్పందాల మీద ఏటా సుమారు 1,000 కోట్ల డాలర్లు వస్తాయి. ఎన్‌హెచ్‌ఎల్‌కు అమెరికా ప్రసార హక్కుల మీద 2021 నుంచి వస్తున్నది ఏటా 62.5 కోట్ల డాలర్ల చొప్పున. దాన్ని 32 జట్లు పంచుకుంటే తలా రెండు కోట్లు కూడా రావు. 2024–25లో ఒక్కో జట్టు ఆటగాళ్ల జీతాలకు గరిష్ఠ పరిమితి 8.8 కోట్ల డాలర్లు. మిగతా సొమ్ములో పెద్ద భాగం గేటు దగ్గరే, అంటే టికెట్లు, పార్కింగ్, తిండి, సూట్‌ల (అరీనాలోని ప్రత్యేక గదుల) అద్దెల మీదే రావాలి. మ్యాచ్‌కు 4 వేల సీట్లు ఖాళీగా ఉన్నాయనుకుందాం. 41 మ్యాచ్‌లకు 1,64,000 టికెట్లు. ఒక్కోటి 60 డాలర్లని లెక్కేసినా దాదాపు కోటి డాలర్ల నష్టం. పార్కింగ్, తినుబండారాల మీద పోయేది దీనికి అదనం.

ఈ లెక్క తప్పితే ఏమవుతుందో అరిజోనాలోని గ్లెండేల్ నగరాన్ని చూస్తే తెలుస్తుంది. కౌంటీని పాలించే ఫోర్సైత్ కమిషనర్లు మరే నగరం కథ చదవకపోయినా ఇది మాత్రం చదవాలి. ఎందుకంటే 2010 జనగణనలో గ్లెండేల్ జనాభా సుమారు 2.27 లక్షలు, 2020 జనగణనలో ఫోర్సైత్ జనాభా సుమారు 2.51 లక్షలు. మోయాల్సిన భారమూ, మోసే భుజాలూ దాదాపు ఒకే కొలత.

1996లో విన్నిపెగ్ నుంచి ఫీనిక్స్‌కు వచ్చిన కయోటీస్ జట్టు మొదట నగరం నడిబొడ్డున బాస్కెట్‌బాల్ కోసం కట్టిన అరీనాలో ఆడింది. బాస్కెట్‌బాల్ కోర్టు 94 అడుగుల పొడవు, 50 అడుగుల వెడల్పు. హాకీ రింక్ 200 అడుగుల పొడవు, 85 అడుగుల వెడల్పు. చిన్నదాని చుట్టూ పేర్చిన సీట్ల మధ్య పెద్దదాన్ని ఇరికిస్తే ఒక చివర పైఅంతస్తు మంచు మీదికి పొడుచుకొస్తుంది. అక్కడ కూర్చున్నవారికి దగ్గరి గోల్ కనబడదు. అలాంటి సీట్లను తక్కువ ధరకు అమ్మాలి, లేదా వదులుకోవాలి. సొంత అరీనా కోసం తూర్పున స్కాట్స్‌డేల్‌లో మూతపడిన లాస్ ఆర్కోస్ మాల్ స్థలాన్ని చూశారు. సీజన్ టికెట్లు కొనేవారిలో చాలామంది నివాసం ఆ తూర్పు దిక్కే. ఆ బేరం కుదరలేదు. పడమటి కొసన ఉన్న గ్లెండేల్ 18 కోట్ల డాలర్లు పెడతానని ముందుకొచ్చింది. జట్టు అటు వెళ్లింది. అరీనా ఎక్కడుండాలన్నది అభిమానుల చిరునామాలు నిర్ణయించలేదు, చెక్కు రాసిన నగరం నిర్ణయించింది.

2003 డిసెంబరులో 17 వేల పైచిలుకు సీట్లతో అరీనా తెరిచారు. చూపుకు ఆటంకంలేని మంచి కట్టడమే అది. కానీ టెంపీ, చాండ్లర్, స్కాట్స్‌డేల్‌లలో పనిచేసేవారు సాయంత్రం రద్దీలో ఫీనిక్స్ మహానగరాన్ని ఆ చివరి నుంచి ఈ చివరికి దాటి రావాలి. ఆట చూసి రాత్రి మళ్లీ అంత దూరం వెనక్కి పోవాలి. చాండ్లర్, గిల్బర్ట్‌లలో ఉండే తెలుగువారికి ఆ దారి ఎంత పొడవో వేరే చెప్పనక్కర్లేదు.

2009 మేలో జట్టు దివాలా పిటిషన్ వేసింది. కెనడా వ్యాపారవేత్త జిమ్ బాల్సిలీ 21.25 కోట్ల డాలర్లకు కొని హామిల్టన్‌కు తీసుకుపోతానన్నారు. కోర్టు ఒప్పుకోలేదు. చివరకు లీగే 14 కోట్లకు జట్టును కొనుక్కుంది. జట్టు పోతే అప్పు మిగులుతుందన్న భయంతో గ్లెండేల్ రెండు సీజన్లపాటు, ఏడాదికి 2.5 కోట్ల డాలర్ల చొప్పున, అరీనా నిర్వహణ పేరిట లీగుకు చెల్లించింది. 2012లో అమ్మకపు పన్ను పెంచింది. 2013లో కొత్త యజమానులతో 15 ఏళ్లకు 22.5 కోట్ల ఒప్పందం రాసుకుని, 2015లో 5–2 ఓట్లతో దాన్ని తానే రద్దు చేసుకుంది. 2021 ఆగస్టులో ఇక లీజు పొడిగించబోమని చెప్పేసింది. అరీనా కట్టిన ఊరే ప్రధాన కిరాయిదారును పొమ్మనాల్సిన స్థితి అది. ఇప్పుడు ఆ భవనం కచేరీలతో నడుస్తోంది.

ఆ తర్వాత జట్టు రెండు సీజన్లు టెంపీలో యూనివర్సిటీ అరీనాలో, హాకీకి సుమారు 4,600 సీట్లలో ఆడింది. అక్కడే పాత చెత్త డంపు స్థలం 46 ఎకరాల్లో 210 కోట్ల డాలర్ల పథకం పెట్టారు. 2023 మే 16న టెంపీ ఓటర్లు దానికి సంబంధించిన మూడు తీర్మానాలనూ తిరస్కరించారు. పాతికేళ్ల ముందు రావాల్సిన తూర్పు వైపుకు జట్టు ఎట్టకేలకు చేరేసరికి దాన్ని నమ్మేవారు తగ్గిపోయారు. 2024 ఏప్రిల్‌లో 120 కోట్ల డాలర్ల లావాదేవీతో ఆటగాళ్లు, సిబ్బంది సాల్ట్ లేక్ సిటీకి తరలిపోయారు. అక్కడ దొరికినదీ బాస్కెట్‌బాల్ అరీనాయే. రెండు వైపుల గోల్ కనబడే సీట్లు మొదటి సీజన్లో 11 వేల పైచిలుకే కావడంతో దాన్ని మళ్లీ తిరగకట్టే పని పెట్టుకున్నారు.

అట్లాంటా సంగతి దీనికి తిరగబడిన బొమ్మ. థ్రాషర్స్ ఆడిన ఫిలిప్స్ అరీనా నగరం నడిమధ్యన, మార్టా రైలు స్టేషన్‌ను ఆనుకుని ఉండేది. 18,500 సీట్లలో చివరి సీజన్ సగటు హాజరు 13,500 కూడా దాటలేదు. హాకీ టికెట్లు కొనే కుటుంబాలు ఉత్తర శివారుల్లో ఉండేవి. మార్టా రైలేమో నార్త్ స్ప్రింగ్స్ దగ్గరే ఆగిపోతుంది. అయితే తప్పంతా చోటు మీదికే నెట్టడం సరికాదు. పన్నెండేళ్లలో జట్టు ప్లేఆఫ్స్‌కు వెళ్లింది ఒక్కసారే, 2007లో. అప్పుడూ నాలుగు మ్యాచ్‌లూ ఓడింది. యజమానులు ఏళ్లతరబడి కోర్టుల్లో ఒకరితో ఒకరు పోరాడుకున్నారు.

శివారుకు మారడం పనిచేస్తుందనేవారు అట్లాంటా బ్రేవ్స్ బేస్‌బాల్ జట్టును చూపిస్తారు. ఆ ఉదాహరణ గట్టిదే. 2013 నవంబరులో నగరాన్ని వదిలి కాబ్ కౌంటీకి వెళ్తామని ప్రకటించినప్పుడు ఆ జట్టు తన టికెట్ కొనుగోలుదారులు ఎక్కడెక్కడ ఉన్నారో చుక్కలతో పటం విడుదల చేసింది. చుక్కలు ఉత్తరాన గుంపుగా పడ్డాయి. 2017లో అక్కడ స్టేడియం తెరిచారు, జనం వస్తున్నారు. ఫోర్సైత్ హాకీకీ అలాంటి పటమే కావాలి. కానీ బేస్‌బాల్ పటాన్ని తెచ్చి హాకీకి అతికించకూడదు. బ్రేవ్స్ స్టేడియం రెండు పెద్ద అంతర్రాష్ట్ర రహదారులు కలిసే చోట ఉంది. ఇక్కడ ఉన్నది జార్జియా 400 ఒక్కటే. దాని మీద నార్త్ స్ప్రింగ్స్ నుంచి సుమారు 16 మైళ్ల ఎక్స్‌ప్రెస్ లేన్లు వేస్తున్నారు. వాటిని తెరిచే లక్ష్యం 2031. అరీనా అంతకంటే ముందే తెరిస్తే మధ్య సీజన్లు ఎలా గడుస్తాయో చెప్పాలి.

మంచి చోటుకు, రైలుకు ఉన్న శక్తినీ ఎక్కువగా ఊహించుకోరాదు. న్యూయార్క్ ఐలాండర్స్ 2015లో బ్రూక్లిన్‌లోని బార్‌క్లేస్ సెంటర్‌కు వెళ్లింది. అనేక సబ్‌వే లైన్లు, లాంగ్ ఐలాండ్ రైలు కలిసే కూడలి అది. అయినా పాత అభిమానులు అక్కడికి అలవాటుపడలేదు. అదీ బాస్కెట్‌బాల్ కోసం కట్టినదే. స్కోరుబోర్డు మంచు నడుమ కాకుండా ఒక పక్కకు వేలాడేది. 2021 నవంబరులో బెల్మాంట్ పార్క్‌లో, తమ అభిమానులుండే కౌంటీ అంచున కొత్త అరీనా కట్టుకున్నాకే జట్టు కుదురుకుంది. ఫ్లోరిడా పాంథర్స్‌ది ఇంకో అనుభవం. ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి అంచున సన్‌రైజ్‌లో ఆ అరీనా 1998లో తెరిచింది. 2014లో కొత్త యజమానులు ఉచిత, కారుచౌక టికెట్లు ఆపేయగానే అసలు సంఖ్య బయటపడింది. అక్టోబరు 13న ఒట్టావాతో మ్యాచ్‌కు వచ్చింది 7,311 మంది. అదే జట్టు 2024, 2025లలో వరసగా ఎన్‌హెచ్‌ఎల్ టైటిల్ అయిన స్టాన్లీ కప్ గెలిచింది, అదే అరీనా నిండింది. గెలుపు దూరాన్ని మరిపిస్తుంది. కానీ గెలుపుకు హామీ ఇచ్చే ఒప్పందం ఎవరూ రాయలేరు. బాండ్ల వాయిదాలు ఓడిన సీజన్లలోనూ కట్టాల్సిందే.

అభిమానం గట్టిదైన ఊరికీ హద్దుంది. 2011లో థ్రాషర్స్‌ను తీసుకున్న విన్నిపెగ్ 13 వేల సీజన్ టికెట్లను రోజుల్లోనే అమ్మేసింది. ఊరి నడుమనున్న 15 వేల సీట్ల అరీనా ఏళ్లపాటు నిండుగా నడిచింది. 2023 నాటికి ఆ సీజన్ టికెట్లు 9,500 దరికి పడిపోయాయి. ఒట్టావా జట్టు నడిబొడ్డుకు 25 కిలోమీటర్ల దూరంలోని కనాటాలో 1996 నుంచి ఆడుతూ, 2017లో పైఅంతస్తు సీట్ల మీద గుడ్డ కప్పి సామర్థ్యం తగ్గించుకుంది. ఇప్పుడు లెబ్రెటన్ ఫ్లాట్స్‌లో స్థలం కొని నగరంలోకి రావాలని చూస్తోంది.

ఫోర్సైత్‌లో అసలు ఇరుకు బయటికెళ్లే దారుల దగ్గర వస్తుందని మా అనుమానం. 18 వేల మంది, కారుకు సగటున రెండున్నర మంది అనుకుంటే 7,200 కార్లు. సిగ్నల్ ఉన్న ఒక్కో వరుస గంటకు 700 కార్లను వదులుతుందనుకుందాం. ఎనిమిది వరుసలున్నా గంటకు 5,600 దాటవు. ఆట పదింటికి ముగిస్తే చివరి కారు కదిలేది పదకొండుంబావుకు. మర్నాడు పిల్లలకు బడి. ఇలా రెండుసార్లు ఇరుక్కున్న తండ్రి మూడోసారి రెండో విరామంలోనే లేచి వస్తాడు, నాలుగోసారి రాడు. దుకాణాలు, హోటళ్లు పక్కన పెట్టడంలో ఉపయోగమే ఇక్కడ ఉంది. పది గంటలకు అందరూ ఒక్కసారి కార్లెక్కకుండా మూడోవంతు మందిని ఇంకో అరగంట ఆపగలిగితే రోడ్డు ఊపిరి పీల్చుకుంటుంది. అందుకే ఆ తినుబండారాల వీధి అరీనాతోపాటే తెరవాలి. ‘రెండో దశ’లో అంటే ఒప్పుకోకూడదు.

కాబట్టి కమిషనర్లు బాండ్ల మీద చివరి ఓటు వేయకముందు కొన్ని కాగితాలు జనం ముందుంచాలి. మొదటిది, హాకీ సీజన్ టికెట్‌కు డిపాజిట్ కట్టినవారి జిప్ కోడ్ల పటం. సర్వేలో ‘ఆసక్తి ఉంది’ అన్నవారిని అందులో లెక్కించకూడదు. తిరిగిరాని డిపాజిట్ చెల్లించినవారినే చూపాలి. ఆ పటం మీద పనిరోజు సాయంత్రం ఆరింటికి 30 నిమిషాల్లో, 45 నిమిషాల్లో చేరగల హద్దులు గీయాలి. తర్వాత జట్టు ఇచ్చే హాజరు లెక్క. లీగ్ ప్రకటించే సంఖ్య పంచిన టికెట్లది, అందులో ఉచితమైనవీ ఉంటాయి. కౌంటీకి రావాల్సిన పార్కింగ్, అమ్మకపు పన్నుల అంచనా మాత్రం గేటు దగ్గర స్కాన్ అయిన టికెట్ల మీదే కట్టాలి. జట్టు సగటున 12 వేల మందితో నడిచినా వాయిదా కట్టగలమా అన్నది లెక్కవేసి చూపించాలి.

ఇక లీజు. నిర్వహణ నష్టం ఏ పేరుతోనూ కౌంటీకి రాకూడదు. గ్లెండేల్ జారిపడింది అక్కడే. బాండ్ల కాలం ఎంతో లీజు కాలమూ అంతే ఉండాలి. మధ్యలో జట్టు తరలిపోతే మిగిలిన అసలు మొత్తం యజమాని కట్టాలి. దివాలా కోర్టులో ఆ హామీ కొట్టుకుపోకుండా జట్టు కంపెనీ కాక వేరే ఆస్తి మీద పూచీ రాయించుకోవాలి. పైకప్పు, మంచు గడ్డకట్టించే యంత్రాలు ఇరవై ఏళ్లకు మార్చాల్సి వస్తాయి. దానికి మొదటి ఏడాది నుంచే విడిగా నిధి జమ చేయాలి.

ఇవన్నీ కౌంటీ వెబ్‌సైటులో పెట్టి కనీసం అరవై రోజులు గడువివ్వాలి. కమిషనర్ల సమావేశాల్లో మాట్లాడే హక్కు ప్రతి నివాసికీ ఉంటుంది. సౌత్ ఫోర్సైత్ తెలుగు సంఘాలు ఉగాది హాలు బుక్ చేయడానికి చూపే శ్రద్ధలో సగం పెట్టినా ఆ కుర్చీలు నిండుతాయి. అక్కడ ముందు అడగాల్సింది ఆ జిప్ కోడ్ల పటమే.