కొట్టు నడపడం చేతకాని కెస్టర్‌గారు

అమెరికాలో షికాగోలోని జాజ్ రికార్డ్ మార్ట్ అనే పాటల రికార్డుల కొట్టు చరిత్రను మన ఎంబీఏ విద్యార్థులకు పాఠంగా పెట్టాలని ప్రభుత్వానికి నా విన్నపం. వ్యాపారం ఎలా చేయకూడదో ఇంత వివరంగా చెప్పే ఉదాహరణ మరొకటి దొరకదు.

యజమాని బాబ్ కెస్టర్‌గారు చదువుకోవడానికి సెయింట్ లూయిస్ వెళ్లి, హాస్టల్ గదిలో పాత రికార్డులు అమ్మారు. 1953లో ఆ ఊరి వీధి పేరు మీదే డెల్మార్ అని రికార్డుల కంపెనీ పెట్టారు. తర్వాత ఎందుకో దాని తోకకో 'క్' తగిలించారు. 1958లో షికాగో చేరి, మరుసటి ఏడే ఒక రికార్డుల కొట్టు కొన్నారు. అక్కడితో ఆగితే బాగుపడేవారు. కొట్టు ఒకపక్క, కంపెనీ ఒకపక్క పెట్టుకుని కూర్చున్నారు.

కంపెనీలో చేసిన పనులు చూడండి. 1965లో బ్లూస్ (అమెరికా నల్లవాళ్ల పాటలు) గాయకుడు జూనియర్ వెల్స్ రికార్డుకి గిటార్ వాయించింది బడ్డీ గై. ఆయనకు వేరే కంపెనీతో ఒప్పందముందని అట్ట మీద 'ఫ్రెండ్లీ చాప్' అని వేశారు. (సర్కారు కొలువు చేస్తూ కలం పేరుతో కథలు రాసుకున్న మనవాళ్లకు ఈ కిటుకు కొత్తేం కాదు.) 1966లో వింత చప్పుళ్లతో జాజ్ ప్రయోగాలు చేసే రాస్కో మిచెల్ రికార్డు 'సౌండ్' తెచ్చారు. గీతలు పడ్డ రికార్డు అంటగట్టారని కొన్నవాళ్లలో కొందరైనా వాపసు తెచ్చి ఉంటారని నా అనుమానం.

ఇక కొట్టు. నేలమాళిగని ఎవరైనా గోడౌనుగా వాడుకుంటారు. ఇక్కడ బిగ్ జో విలియమ్స్ అనే బ్లూస్ పెద్దాయన తన తొమ్మిది తీగల గిటారుతో సహా మకాం పెట్టాడు.

పనివాళ్ల సంగతి మరీ ఘోరం. కౌంటర్లో నిలబడ్డ చార్లీ మసల్‌వైట్ హార్మోనికా పట్టుకుని ప్రపంచం మీద పడ్డాడు. పార్సిళ్లు కట్టే బ్రూస్ ఇగ్లావర్, హౌండ్ డాగ్ టేలర్ అనే బ్లూస్ గిటారిస్టుని రికార్డు చేద్దాం సార్ అని వెంటపడితే కెస్టర్‌గారు సరేననలేదు. ఆ కుర్రాడు 1971లో ఆ ఒక్క రికార్డు కోసమే అలిగేటర్ అని సొంత కంపెనీ పెట్టేశాడు. మైఖేల్ ఫ్రాంక్ మరో కంపెనీ పెట్టాడు. జీతమిచ్చి మరీ పోటీదారుల్ని తయారుచేసుకున్న షావుకారుని మీరెక్కడైనా చూశారా? బయటికెళ్లినవాడు అదే వ్యాపారం చేయకూడదని ఒక్క కాగితం మీద సంతకం పెట్టించుకోవాలన్న ఇంగితం లేకపోయింది.

చివరికి అద్దె గెలిచింది. 2016 ఫిబ్రవరిలో కొట్టు మూశారు, సరుకు అమ్మేశారు. వయసు 83. ఇంకేం, కృష్ణా రామా అనుకోవలసిన వేళ. అదే ఏడాది ఇర్వింగ్ పార్క్ రోడ్డులో ఇంకో రికార్డుల కొట్టు తెరిచారు. పేరు బాబ్స్ బ్లూస్ అండ్ జాజ్ మార్ట్. ఈసారి తప్పు ఎవరిదో జనానికి బోర్డు మీదే తెలియాలని కాబోలు.