కణత గురించి కూడా రాయాల్సింది
పుర్రె ఎముకల మీద మీ వ్యాసం బాగుంది, బొమ్మలూ స్పష్టంగా ఉన్నాయి. కానీ పుర్రెలో 28 ఎముకలని ఒకచోట, 22 అని ఇంకోచోట రాశారు. రెండూ తప్పు కాదు, లెక్కే వేరు. మెదడును కప్పేవి 8, ముఖానివి 14, మొత్తం 22. చెవుల్లోని ఆరు బుల్లి ఎముకల్నీ కలిపితే 28. ఆ ముక్క చెప్పకపోతే పరీక్షకు చదివే పిల్లలు తికమక పడతారు.

నాకు వెలితిగా అనిపించింది మాత్రం కణత. ఫ్రాంటల్ (నుదుటిది), పెరైటల్ (నెత్తి పక్కది), టెంపోరల్ (చెవి దగ్గరిది), స్ఫీనాయిడ్ (కళ్ల వెనకది)... నాలుగు ఎముకలూ అక్కడే కలుస్తాయి. ఆ చోటును టీరియాన్ అంటారు. పుర్రె అక్కడ పలచన, సరిగ్గా దాని వెనకే మెదడు పొరలకు రక్తం తీసుకెళ్లే ధమని. దెబ్బకు ఎముక చిట్లి ఆ ధమని తెగితే ఎముకకూ పొరకూ మధ్య రక్తం చేరుతుంది. మోసమెక్కడంటే, స్పృహ తప్పిన మనిషి లేచి మామూలుగానే మాట్లాడొచ్చు, కొన్ని గంటలకు మళ్లీ కుప్పకూలొచ్చు. కణత జాగ్రత్త అని పెద్దవాళ్లు ఊరికే అనలేదు.

ఇంకో సవరణ. కింది దవడ పుట్టుకతోనే ఒకే ఎముక అన్నారు. కాదండీ, అప్పటికి రెండు ముక్కలు. మొదటి ఏడాదిలో గడ్డం దగ్గర అతుక్కుంటాయి. నుదుటి ఎముకా అంతే. కొందరికి ఆ అతుకు గీత పెద్దయ్యాకా మిగిలిపోతుంది, ఎక్స్‌రేలో చూసి పగులు అనుకునే ప్రమాదముంది.

స్ఫీనాయిడ్ బొమ్మ అద్భుతం, అచ్చం రెక్కలు విప్పిన సీతాకోకచిలుక. చదువుకునే రోజుల్లో ఆ ఎముకను ఎటు తిప్పి పట్టుకోవాలో కూడా నాకు తెలిసేది కాదు!